గింజ నుంచి క్లెమాటిస్: ఆరు జాతులు, రెండు చలికాలాల డైరీ

క్లెమాటిస్ అంటే ఎక్కువగా తీగలుగా పెరిగే పూల మొక్క. ఈ డైరీలో దాని జాతులు ఆరున్నాయి: టాంగుటికా, ఇంటెగ్రిఫోలియా, మోంటానా, ఆల్పినా, విటిసెల్లా, టెక్సెన్సిస్. పెద్ద పూల హైబ్రిడ్ల (జాతుల్ని కలిపి చేసిన సంకరాల) జోలికి పోలేదు. వాటి గింజ వేస్తే తల్లి మొక్క రాదు. అందరికీ తెలిసిన ఊదారంగు జాక్‌మనీ 1858లో ఇంగ్లండ్‌లోని ఒక నర్సరీ చేసిన సంకరణంలో పుట్టింది. విటిసెల్లా దాని పూర్వీకుల్లో ఒకటి. అలాంటి మొక్క గింజలు పది వేస్తే పది రకాలు వస్తాయి. జాతి మొక్కల గింజలు దాదాపు తల్లిలాగే వస్తాయి. ‘దాదాపు’ అని ఎందుకు అంటున్నానో చివరి దశలో కొలతలతో సహా రాశాను.

ఎవరైనా ఇదే పని మొదలుపెడితే ఎక్కడ మొక్కలు పోతాయో, ఎక్కడ ఊరికే ఆగాలో ముందే తెలియాలని ఇది రాస్తున్నాను. మొలకల కంటే చచ్చిపోయిన వాటి గురించే ఇందులో ఎక్కువ ఉంటుంది.

దశ 1: గింజను కోసి చూడటం

క్లెమాటిస్ గింజ బల్లపరుపుగా, గోధుమరంగులో ఉంటుంది. దాని కొసన ఈకలాంటి తోక. పువ్వులోని కీలమే పొడవుగా పెరిగి అలా తోకవుతుంది. గాలికి ఎగరడానికి అది బాగా పనికొస్తుంది కానీ, గింజల్ని పరీక్షించేటప్పుడు అదే అడ్డం.

మొదట గ్లాసు నీళ్లలో వేసి చూశాను. మునిగినవి మంచివి, తేలినవి తాలు అనే లెక్క ఇక్కడ నడవలేదు. తోక మీది నూగులో గాలి చిక్కుకుని అన్నీ తేలాయి. తోక కత్తిరించి వేసినా సగానికి పైగా పైనే ఉన్నాయి. తేలిన వాటిలోంచి రెండు తీసి కోస్తే లోపల గట్టిగా, తెల్లగా, నిండుగా ఉన్నాయి. నీటి పరీక్షను నమ్మి ఉంటే మంచి గింజలు చెత్తలోకి పోయేవి. అందుకే పద్ధతి మార్చాను.

1. ప్రతి పొట్లం నుంచి రెండేసి గింజలు తీసి, కొత్త బ్లేడుతో అడ్డంగా కోయాలి.
2. లోపల తెల్లగా, గట్టిగా ఉంటే మంచిది. బోలుగా ఉన్నా, బూడిదరంగు పొడిలా ఉన్నా ఆ పొట్లాన్ని అనుమానించాలి.
3. మిగతా గింజల్ని ఒక్కొక్కటిగా రెండు వేళ్ల మధ్య నొక్కాలి. అప్పడంలా అణిగిపోతే తాలు. గట్టిగా ఎదురు తిరిగితే ఉంచాలి.

కోసిన గింజలో కనిపించే తెల్లటిదంతా నిల్వ ఆహారమే. అసలు పిండం మొనవైపు చుక్కంత ఉంటుంది. భూతద్దం లేకుండా కనిపించదు. క్లెమాటిస్ చేరిన మొక్కల కుటుంబంలో చాలా వాటికి ఇంతే: గింజ రాలేనాటికి పిండం పూర్తిగా ఎదిగి ఉండదు, మట్టిలో పడ్డాక గింజ లోపలే పెరిగి ఆ తర్వాత బయటికి వస్తుంది. వారాలు, నెలలు ఏమీ కనిపించకపోవడానికి సగం కారణం ఇదే. మిగతా సగం చలి. కొన్ని జాతులు ఒక చలికాలం గడిచిందని గుర్తిస్తే గాని కదలవు.

గింజ సైజు కూడా కొలిచాను. తోక వదిలేస్తే టాంగుటికా సుమారు 4 మి.మీ., టెక్సెన్సిస్ 6 నుంచి 7 మి.మీ., దళసరి కూడా. గింజ పెద్దదైతే ఆలస్యంగా మొలుస్తుందని మోటుగా ఒక లెక్క ఉంది. ఈ ఆరింటిలో రెండు కొసల దగ్గరా, అంటే టాంగుటికాకు, టెక్సెన్సిస్‌కు అది సరిపోయింది.

సొంత మొక్క నుంచి కోసుకునే వాళ్లకు ఒక మాట. గింజ ఆకుపచ్చగా ఉన్నప్పుడు తీయకండి. గోధుమరంగు తిరిగి, తోకలు వెండిలా విచ్చుకుని, వేలితో తడితే ఊడివచ్చే దాకా ఆగాలి. ఆ తర్వాత కాగితం కవర్లో ఉంచాలి. ప్లాస్టిక్ కవర్లో పెడితే లోపల చెమ్మ చేరుతుంది.

లెక్క: టాంగుటికా 40, ఇంటెగ్రిఫోలియా 25, మోంటానా 30, ఆల్పినా 30, విటిసెల్లా 25, టెక్సెన్సిస్ 10. మొత్తం మంచి గింజలు 160.

దశ 2: మిశ్రమం, విత్తడం, తూకం

పనిముట్లు: 9 సెం.మీ. కుండీలు, లోతు తక్కువ ట్రే, గ్రాముల్లో తూచే వంటింటి తూకం, కనిష్ఠ గరిష్ఠ ఉష్ణోగ్రతలు చూపే థర్మామీటర్, పెన్సిల్, ప్లాస్టిక్ లేబుళ్లు.

1. కోకోపీట్ (కొబ్బరి పొట్టు) నానబెట్టి, పిండి, ఇంకో రెండుసార్లు మంచినీళ్లతో కడగాలి. అందులోని ఉప్పు పోవాలి.
2. జల్లించిన కోకోపీట్ 2 వంతులు, పెర్లైట్ (తేలికైన తెల్లటి ఖనిజ గుళికలు) 1 వంతు, ముతక ఇసుక 1 వంతు కలపాలి. ఎరువు ఏదీ వద్దు. మొలకెత్తేటప్పుడు గింజకు అక్కర్లేదు, బూజుకు మాత్రం బాగా అక్కరకొస్తుంది.
3. తోకల్ని గింజ దగ్గరగా కత్తిరించాలి. మొలకకు దీనివల్ల లాభం ఏమీ కనిపించలేదు. తోక ఉంటే గింజ మట్టిలో ఏటవాలుగా లేచి నిలబడుతుంది, లోతు సరిగ్గా కుదరదు. అందుకే కత్తిరించాను.
4. గింజకు గింజకు 2 సెం.మీ. దూరం. చిన్న గింజల మీద 3 మి.మీ. మిశ్రమం, టెక్సెన్సిస్ మీద 8 మి.మీ.
5. ఆ పైన 5 మి.మీ. మందాన సన్న కంకర. నాచు పట్టదు, నీళ్లు పడినా గింజ కదలదు.
6. కుండీని ట్రేలో నీళ్లలో కూర్చోబెట్టి, పైన తడి కనిపించాక తీసి, నీళ్లు ఓడిపోయాక తూచి ఆ బరువు లేబుల్ మీద రాయాలి.

ఈ ఆరో మెట్టు ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా పనికొచ్చింది. పైన కంకర ఉంటుంది కాబట్టి వేలు పెట్టి తడి చూడటం కుదరదు. నెలల తరబడి ఖాళీగా కనిపించే కుండీకి నీళ్లు ఎప్పుడు పోయాలో కంటితో తేల్చలేం. తడి కుండీ 430 గ్రాములు తూగింది. 340కి దిగితే మళ్లీ ట్రేలో పెట్టాను, అంతకు ముందు ముట్టుకోలేదు.

లేబుళ్ల సంగతి. మార్కర్ పెన్నుతో రాసినవి ఎండకు ఒక్క సీజన్‌లో వెలిసిపోయాయి. పెన్సిల్‌తో రాసినవి రెండో ఏడాదీ చదవడానికి బాగున్నాయి. మొలవడానికి రెండేళ్లు పట్టే గింజ విషయంలో ఇది చిన్న విషయం కాదు. ఇప్పుడు ప్రతి కుండీకి రెండు లేబుళ్లు, ఒకటి పైన, ఒకటి మట్టిలో పూర్తిగా పాతిపెట్టి.

లెక్క: కుండీల్లో 115 (టాంగుటికా 40, ఇంటెగ్రిఫోలియా 25, విటిసెల్లా 25, మోంటానా 15, టెక్సెన్సిస్ 10). ఫ్రిజ్ కోసం పక్కన పెట్టినవి 45 (ఆల్పినా 30, మోంటానా 15).

దశ 3: టాంగుటికా మొలకలు, నారుకుళ్లు

టాంగుటికాకు చలి అక్కర్లేదు. 18 నుంచి 22 డిగ్రీల మధ్య ఉన్న గదిలో మూడో వారం నుంచి మొలకలు లేచాయి. ఆరో వారానికి దాదాపు అన్నీ బయటపడ్డాయి. 40కి 33. మొదటిసారి వేసేవాళ్లు ఈ జాతితోనే మొదలుపెట్టాలని నా గట్టి సలహా. కుండీలో ఏదో ఒకటి కదులుతుంటే మిగతా వాటి కోసం ఓపిక పట్టడం తేలికవుతుంది.

అసలు తిప్పలు మొలిచాక వచ్చాయి. చెమ్మ ఆరకుండా కుండీల మీద పారదర్శకమైన మూత ఉండేది. మొలకలు లేచాక కూడా అది అలాగే ఉంది. ఒక ఉదయం నాలుగు మొలకలు పక్కకు వాలి కనిపించాయి. ఆకులు పచ్చగా, బిగువుగానే ఉన్నాయి. దగ్గరగా చూస్తే కాడ మట్టిని తాకే చోట 2 మి.మీ. మేర నీళ్లు పీల్చినట్టు పారదర్శకంగా, దారంలా సన్నబడి ఉంది. పట్టుకుని లాగితే అక్కడికక్కడే తెగింది. వేరు మట్టిలోనే ఉండిపోయింది. ఇది నారుకుళ్లు తెగులు. మట్టిలో ఉండే పిథియం, రైజోక్టోనియా లాంటి సూక్ష్మజీవుల పని. వారం తిరిగేసరికి మొత్తం 9 పోయాయి. పోయినవన్నీ ఒకే ట్రేలో, మూత కింద, ఒకదాన్ని ఒకటి ఆనుకుని ఉన్నవే.

మార్చినవి, ఎందుకు మార్చానో కూడా:

1. మొదటి మొలక కనిపించిన రోజే మూత తీసేయడం. గింజకు చెమ్మ కావాలి, కాడకు గాలి కావాలి.
2. పైనుంచి నీళ్లు పూర్తిగా బంద్. ట్రే నుంచే, అదీ తూకం చూసి. అరగంటకు మించి నీళ్లలో ఉంచకుండా తీయడం.
3. చిన్న ఫ్యాన్, ఆకులు కదిలీ కదలనంత గాలి.
4. ఎల్‌ఈడీ లైటు 40 సెం.మీ. నుంచి 20 సెం.మీ.కి దించడం, రోజుకు 14 గంటలు. వెలుతురు చాలక సాగిన కాడలే ముందు వాలాయి.
5. వాలిన మొలకను, దాని చుట్టూ ఉన్న చెంచాడు మట్టితో సహా తీసి పారేయడం.

ఐదూ ఒకేసారి మార్చాను కాబట్టి ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను. ఆ తర్వాత ఈ తెగులుతో ఒక్క టాంగుటికా కూడా పోలేదు.

ఇదే సమయంలో ఫంగస్ నాట్స్ అనే సన్నటి నల్ల పురుగులు కుండీల మీద తిరగడం మొదలైంది. వాటి పిల్లపురుగులు లేత వేళ్లు కొరుకుతాయి. పసుపురంగు జిగురు అట్టలు పెట్టాను. మట్టి పైపొర ఆరనిస్తే వాటి సంఖ్య బాగా తగ్గింది.

లెక్క: మొలిచినవి 33. పోయినవి 9. బతికున్నవి 24.

దశ 4: ఫ్రిజ్‌లో చలికాలం

ఆల్పినా ఐరోపా పర్వతాల మొక్క. మోంటానా హిమాలయాలది. ఈ రెండింటికీ తడిగా ఉన్న చలి మేలు చేస్తుంది. పొడిగా ఉన్న గింజను పొట్లంతో సహా ఫ్రిజ్‌లో పెడితే అది నిల్వ చేయడమే అవుతుంది. గింజ నీళ్లు పీల్చుకుని ఉంటేనే చలి పనిచేస్తుంది.

ఆల్పినా 30 గింజల్ని 50 మి.లీ. వర్మిక్యులైట్‌లో (నీళ్లు పట్టి ఉంచే తేలికైన ఖనిజం) 30 మి.లీ. నీళ్లు పోసి జిప్ కవర్లో పెట్టాను. మూడో వారంలో తెరిస్తే బూడిదరంగు బూజు. 8 గింజలు నొక్కగానే చిట్లిపోయాయి. మిగతా 22 గట్టిగానే ఉన్నాయి. వాటిని టీ వడపోతలో వేసి కుళాయి కింద కడిగి, టిష్యూ మీద గంటసేపు ఆరబెట్టి, కొత్త వర్మిక్యులైట్‌లో మళ్లీ మొదలుపెట్టాను.

ఈసారి పద్ధతి:

1. 50 మి.లీ. వర్మిక్యులైట్‌కు 15 మి.లీ. నీళ్లు. పిడికిట్లో గట్టిగా పిండితే చుక్క కారకూడదు, చెయ్యి మాత్రం తడవాలి.
2. కవర్లో సగం గాలి ఉంచి జిప్ వేయడం.
3. ఫ్రిజ్ లోపల థర్మామీటర్ పెట్టి చోటు ఎంచుకోవడం. వెనక గోడ దగ్గర రాత్రిపూట సున్నాకు దిగింది. మధ్య అరలో ముందు వైపు 4 నుంచి 5 డిగ్రీలు నిలకడగా ఉంది. కవర్లన్నీ అక్కడికే.
4. వారానికోసారి తెరిచి గాలి మార్చి, మెత్తబడ్డ గింజ ఉంటే తీసేయడం.
5. ఎనిమిది వారాలు కాగానే కుండీల్లోకి. మొదటి పది రోజులు 12 నుంచి 15 డిగ్రీల చోట, ఆ తర్వాత గదిలోకి.

ఐదో మెట్టులో ఒక జాగ్రత్త. కవరు తీసేసరికి రెండు మోంటానా గింజలకు తెల్లటి వేరు మొన బయటికొచ్చి ఉంది. అలాంటి వాటిని పట్టుకారుతో గింజ వైపు మాత్రమే పట్టుకోవాలి. పెన్సిల్‌తో గుంట చేసి, వేరు కిందికి ఉండేలా దించాలి. ఆ మొన విరిగితే ఆ గింజ ఇక అయిపోయినట్టే.

మోంటానాను రెండు భాగాలు చేసింది పోల్చి చూడటానికి. ఫ్రిజ్‌లో పెట్టిన 15లో 9 మొలిచాయి, అన్నీ కుండీలో పెట్టిన నెలలోపే. నేరుగా విత్తిన 15లో 5 మొలిచాయి, అవీ చాలా ఆలస్యంగా, ఒకటీ అరా చొప్పున. ఇంత తక్కువ గింజలతో శాతాలు లెక్కగట్టడం అనవసరం. అన్నీ ఒకేసారి లేవడం మాత్రం నాకు పెద్ద సౌకర్యంగా అనిపించింది. ఒకే వయసున్న మొలకలకు నీళ్లు, వెలుతురు, కుండీ మార్పు అన్నీ ఒకే రోజు చూసుకోవచ్చు.

ఆల్పినా 22లో 13 మొలిచాయి. వాటిలో 2 మొదటి ఆకులు విప్పకముందే ఎండిపోయాయి.

లెక్క: మొలిచినవి 60. పోయినవి 11. బతికున్నవి 49. బూజుకు పోయిన గింజలు 8.

దశ 5: మొదటి కుండీ మార్పు

టాంగుటికా బీజదళాల (గింజలోనే ఉండే మొదటి ఆకుల) తర్వాత ఒక్క జత నిజమైన ఆకులు రాగానే ఆరింటిని విడివిడి కుండీల్లోకి మార్చాను. నాలుగు పోయాయి. తీసేటప్పుడు చూస్తే పైన 3 సెం.మీ. మొక్క, కింద 8 సెం.మీ. వేరు! పక్కవేళ్లు ఇంకా లేవు. ఒకే ఒక తెల్లటి దారం, ఏమాత్రం వంచినా పుటుక్కున విరుగుతుంది. విరిగిన వాటికి నీళ్లు పీల్చుకునే దారి ఇక లేదు.

మిగతా 18 మూడు జతల ఆకులు వచ్చేదాకా ఆగాయి. అప్పటికి వేళ్లు అల్లుకుని మట్టిని పట్టుకున్నాయి. ఒక్కటీ పోలేదు. కుండీ కూడా మార్చాను: 9 సెం.మీ. వెడల్పు, 14 సెం.మీ. లోతు. క్లెమాటిస్ వేరు కిందికే పోతుంది, అందుకే వెడల్పు కంటే లోతు ముఖ్యం.

1. కుండీ మార్చే ముందు రోజు బాగా తడపాలి.
2. మొత్తం మట్టిముద్దను బోర్లించి, చేతుల్లో మెల్లగా విడదీయాలి. మొక్కను కాడ పట్టి లాగొద్దు, ఆకు పట్టుకోవాలి. ఆకు పోతే ఇంకోటి వస్తుంది.
3. ముందున్న దానికంటే 2 సెం.మీ. లోతుగా, మొదటి కణుపు మట్టిలోకి పోయేలా పెట్టాలి.
4. ఈ మిశ్రమంలో వర్మీకంపోస్ట్ ఒక వంతు కలపవచ్చు.
5. మొక్క 12 సెం.మీ. దాటాక రెండో జత ఆకులపైన తల తుంచాలి. క్లెమాటిస్ ఆకులు ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి, తుంచిన చోట రెండు వైపులా కొమ్మలొస్తాయి.

తుంచేటప్పుడు చేతి తొడుగులు తప్పనిసరి. నలిగిన క్లెమాటిస్ ఆకుల్లో ప్రోటోఅనెమోనిన్ అనే పదార్థం తయారవుతుంది, అది చర్మాన్ని మండిస్తుంది, పొక్కులు కూడా లేవొచ్చు. వరసగా పదిహేను మొక్కలు తుంచితే రసం వేళ్లకు బాగానే అంటుతుంది. ఆ చేత్తో కళ్లు నలుపుకోకూడదు.

లెక్క: మొలిచినవి 60. పోయినవి 15. బతికున్నవి 45.

దశ 6: ఇంటెగ్రిఫోలియా, విటిసెల్లా, నత్తలు

ఇంటెగ్రిఫోలియా తీగ కాదు. మోకాలెత్తు పెరిగే గుబురు మొక్క, తల వంచిన నీలం పూలు. నాలుగు నెలలు ఏమీ లేదు. తర్వాత మూడు వారాల్లో 14 లేచాయి. విటిసెల్లా మొదటి ఏడాది నాలుగంటే నాలుగే. రెండు కుండీలూ చలికాలమంతా బయటే ఉన్నాయి. తూకం చూసి నీళ్లు పెట్టడం తప్ప ఇంకేమీ చేయలేదు.

ఇంటెగ్రిఫోలియా చిగుళ్లు నత్తలకు ఇష్టం. ఒక్క రాత్రిలో ఐదు మొక్కలు మట్టిదాకా కొరికేసి ఉన్నాయి. పొద్దున చూస్తే కుండీ అంచున మెరిసే జిగురు చార, అంతే. రాత్రి టార్చి వేసుకుని చూస్తే ట్రే అడుగున మూడు దొరికాయి. పగలు అవి ఉండేది అక్కడే. అప్పటి నుంచి ట్రేలను ఇటుకల మీద ఎత్తి పెట్టి, వారానికోసారి అడుగుభాగం చూస్తున్నాను. పైన చల్లే గుళికల కంటే ఈ పనికి ఎక్కువ ఫలితం కనిపించింది.

ఆ ఐదింటిలో రెండు నెల తర్వాత మట్టిలోంచి మళ్లీ చిగురించాయి. ఆ రెండూ కణుపు మట్టిలోకి పోయేలా లోతుగా పెట్టినవి. మిగతా మూడింటి కణుపులు మట్టి పైన ఉండేవి. లోతుగా పెట్టమని క్లెమాటిస్ పెంచేవాళ్లు ఎందుకంత గట్టిగా చెబుతారో ఈ ఐదు మొక్కలతో అర్థమైంది.

లెక్క: మొలిచినవి 78. పోయినవి 18. బతికున్నవి 60.

దశ 7: టెక్సెన్సిస్, మట్టి కింద జరిగిన పని

టెక్సెన్సిస్ అమెరికాలోని టెక్సస్ రాష్ట్రానికే పరిమితమైన జాతి. ఎడ్వర్డ్స్ పీఠభూమిలోని సున్నపురాతి నేలల్లో పెరుగుతుంది. క్లెమాటిస్‌లలో అసలైన ఎరుపు దీనిదే. అందుకే పది గింజలైనా సరే వేశాను.

మొదటి వసంతం, వేసవి గడిచాయి. కుండీలో కంకర తప్ప ఏమీ లేదు. మిగతా మొక్కలకు చోటు చాలక, ఈ కుండీని ఖాళీ చేద్దామా అన్న ఆలోచన వచ్చింది. పారబోసే ముందు లోపల ఏముందో చూడాలని కుండీని పాత పళ్లెంలో మెల్లగా బోర్లించి, బ్రష్షుతో మట్టి విడదీశాను.

మూడు గింజలకు వేళ్లున్నాయి. పెద్ద గింజ పెంకు సన్నగా పగిలి, అందులోంచి తెల్లటి వేరు 5 సెం.మీ. దాకా దిగింది. పక్కవేళ్లు కూడా రెండు మూడు మొదలయ్యాయి. పైకి మాత్రం ఏమీ లేదు. గింజ, వేరు కలిసే చోట గుండుసూది తలంత మొగ్గ, లేత గులాబీ రంగులో, మూసుకుని ఉంది. టాంగుటికాలా ఇది బీజదళాల్ని పైకి ఎత్తదు. అవి గింజలోనే, మట్టిలోనే ఉండిపోతాయి. వేరు ముందు దిగుతుంది, మొగ్గ ఇంకో చలికాలం కోసం ఆగుతుంది. బయట నుంచి చూసేవాళ్లకు ఇది చచ్చిన కుండీ.

గట్టిగా ఉన్న మిగతా గింజలతో సహా అన్నింటినీ 14 సెం.మీ. లోతు కుండీలో, అదే లోతున మళ్లీ పెట్టి, తడిపి, తూచి, చలికాలమంతా బయట ఉంచాను. రెండో వసంతంలో నాలుగు చిగుళ్లు లేచాయి. వేళ్లు కనిపించిన మూడూ, ఇంకొకటీ. చిగురు మొలకలా ఉండదు. ఊదా రంగు కాడ నిటారుగా వస్తుంది, మొదటి రెండు మూడు కణుపుల దగ్గర ఆకులకు బదులు చిన్న పొలుసులుంటాయి, అవీ ఒకటి ఇటు, ఒకటి అటు. ఎదురెదురు ఆకులు ఆ పైన మొదలయ్యాయి. ఇది తెలియకపోతే కలుపు మొక్క అనుకుని పీకేసే ప్రమాదం ఉంది.

మిగిలిన ఆరు గింజల్ని మళ్లీ నొక్కి చూశాను. రెండు మెత్తబడ్డాయి, తీసేశాను. నాలుగు ఇంకా గట్టిగా ఉన్నాయి, తిరిగి మట్టిలోకి.

మొలవని కుండీని పారేసే ముందు చేయాల్సినవి:

1. కనీసం రెండు చలికాలాలు పూర్తయ్యాయా అని లేబుల్ చూడాలి.
2. కుండీని పళ్లెంలోకి బోర్లించి గింజల్ని వెతకాలి. కంకర తెలుపు రంగుదైతే గింజలు కనిపెట్టడం తేలిక.
3. నొక్కి చూడాలి. గట్టిగా ఉన్నది ఇంకా బతికే ఉందన్న లెక్కతో వెనక్కి పెట్టాలి.
4. వేరు దిగి ఉంటే ఆ గింజను తలకిందులు చేయకూడదు, ఆరనివ్వకూడదు. పళ్లెం పక్కన నీళ్ల స్ప్రే ఉండాలి.

విటిసెల్లా కూడా ఇదే వసంతంలో ఇంకో ఆరు ఇచ్చింది. మొత్తం పది.

ఈ రెండు వసంతాల మధ్య చలికాలంలో ఆల్పినా మూడు పోయాయి. బయట వానకు కుండీలు 480 గ్రాముల దాకా తూగాయి, ఓడిపోవడానికి దారి లేక వేళ్లు నల్లబడ్డాయి. పర్వత మొక్క చలిని ఓర్చుకుంటుంది, నీళ్లలో నిలబడటాన్ని కాదు. మిగతా ఎనిమిదిని చూరు కిందికి, గాలి తగిలే చోటికి మార్చాను.

లెక్క: మొలిచినవి 88. పోయినవి 21. బతికున్నవి 67 (టాంగుటికా 20, మోంటానా 14, ఇంటెగ్రిఫోలియా 11, విటిసెల్లా 10, ఆల్పినా 8, టెక్సెన్సిస్ 4). 160 గింజలకు మొలక 55 శాతం.

దశ 8: నేలలోకి, మొదటి పూలు

టాంగుటికా రెండో ఏడాదే పూసింది. పసుపు లాంతర్లు, తల కిందికి వంచి. పూరేకులుగా కనిపించే ఆ నాలుగూ రక్షకపత్రాలు, వాటి పొడవే కొలిచాను. పూసిన 12 మొక్కల్లో తొమ్మిదింటివి 33 నుంచి 38 మి.మీ. మధ్య, సగం మూసుకుని ఉండే పూలు. మూడింటివి 26 నుంచి 29 మి.మీ., పూర్తిగా విచ్చుకుని వెనక్కి తిరిగాయి. ఈ మూడూ అచ్చమైన టాంగుటికా కాదని నా అనుమానం. తల్లి మొక్క దగ్గర ఇంకో పసుపు జాతి పూసి ఉండాలి, మిగతా పని తేనెటీగలు చేసి ఉంటాయి. మొదట్లో ‘దాదాపు’ అన్నది ఇందుకే. ఈ మూడింటి లేబుళ్ల మీద జాతి పేరు కొట్టేసి ‘పసుపు, సంకరం కావచ్చు’ అని రాశాను. వాటి గింజల్ని టాంగుటికా పేరుతో ఎవరికీ ఇవ్వను.

నాటడం:

1. గుంత 40 సెం.మీ. లోతు, అంతే వెడల్పు. బంకమట్టి అయితే అడుగున ముతక ఇసుక కలపాలి.
2. మొక్కను కుండీలో ఉన్నదానికంటే 4 సెం.మీ. లోతుగా పెట్టాలి.
3. మొక్క మొదలుకు నీడ, తీగకు ఎండ. మొదలు చుట్టూ 5 సెం.మీ. ఎండుటాకులు పరచాలి, కాడను తాకకుండా.
4. ఆసరా సన్నగా ఉండాలి. క్లెమాటిస్ ఆకుకాడతో చుట్టుకుంటుంది, బొటనవేలంత లావున్న కర్రను పట్టుకోలేదు. 3 మి.మీ. తీగతో చేసిన వలను వెంటనే పట్టుకుంది.

కత్తిరింపు జాతిని బట్టి మారుతుంది. టాంగుటికా, విటిసెల్లా, టెక్సెన్సిస్ ఆ ఏడాది వచ్చిన కొమ్మ మీదే పూస్తాయి కాబట్టి చలికాలం చివర 30 సెం.మీ. ఉంచి కోసేయవచ్చు. ఇంటెగ్రిఫోలియాను నేలదాకా కోయవచ్చు. మోంటానా, ఆల్పినా పూసేది నిరుటి కొమ్మ మీద. వాటిని చలికాలంలో కోస్తే ఆ ఏడాది పూలు పోయినట్టే.

నాటే ముందు మీ ప్రాంతంలో ఆ జాతి కలుపుగా మారిందేమో కనుక్కోవాలి. క్లెమాటిస్ విటాల్బా న్యూజిలాండ్‌లో అడవి చెట్లనే కప్పేసి చంపుతోంది. టెర్నిఫ్లోరా అమెరికా తూర్పు ప్రాంతంలో దురాక్రమణ జాతి. గింజతో ఇంత తేలిగ్గా వచ్చే టాంగుటికా విషయంలో నేను ముందే జాగ్రత్త పడుతున్నాను: కావలసిన గింజ కాయలు ఉంచుకుని, మిగతావి తోకలు విచ్చుకోకముందే కోసి మూటగట్టి పారేస్తున్నాను.

ప్రస్తుతం బల్ల మీద ఉన్న పని

నేలలో 14 మొక్కలు, కుండీల్లో 53. మోంటానా ఇంకా పూయలేదు, మూడు నుంచి ఐదేళ్లు పట్టే జాతి కాబట్టి దాన్ని కదపడం లేదు. విటిసెల్లా కుండీలో మొలవని 15 గింజల్ని చలికాలం అయ్యాక నొక్కి చూడాలి. టెక్సెన్సిస్ నాలుగు మొక్కల్ని ఒకే కుండీలోంచి విడదీయాలి. మూడు జతల ఎదురెదురు ఆకులు వచ్చాకే ఆ పని. ఆ కుండీ అడుగున ఉన్న నాలుగు గట్టి గింజలకు వేళ్లు దిగాయో లేదో అదే రోజు చూసి, కొలిచి ఇక్కడ రాస్తాను.